ఈశాన్యంలో జిరాఫీ

హైదరాబాద్ శివార్లలో శంకర్‌పల్లి రోడ్డు వెంట ఫాంహౌస్ ఉన్న ప్రతి కుటుంబానికీ ఈ మధ్య ఒక జిరాఫీ అత్యవసరమైంది. మామిడితోట, ఈతకొలను, ఆదివారం బిర్యానీ ఎన్ని ఉన్నా, గేటు పక్కన ఫైబర్ జిరాఫీ లేని ఇంటి కళాభిరుచిని చుట్టాలు శంకిస్తున్నారు. దానికి తోడుగా గొడుగు పట్టిన కప్ప, కళ్లూ మూతీ ఉన్న పుట్టగొడుగులు ఉండటం కనీస మర్యాద.

అలాంటి ఒక ప్రతిష్ఠా మహోత్సవాన్ని కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది. మొండెం ఒక డీసీఎం వ్యానులోనూ, మెడ మరొక దానిలోనూ వేంచేశాయి. బోల్టులు బిగించేలోగా వాస్తు సిద్ధాంతిగారు దిక్సూచి తీశారు. బరువంతా నైరుతిలో ఉండాలి, ఈశాన్యం తేలికగా ఉండాలి. మరి ఇంత పెద్ద జంతువును ఎక్కడ నిలపాలి? ఆయన దాని పొట్టను వేలి కణుపుతో తట్టి, డొల్ల చప్పుడు విని, లోపలేమీ లేదు కనుక ఈశాన్యానికి దోషం లేదని తీర్పు చెప్పారు. తోక వంటింటి వైపు ఉందని పెదనాన్నగారు అభ్యంతరం తెలపగా, క్రేను దాన్ని మళ్లీ గాలిలోకి లేపింది. చివరకు అది పక్కవారి కోళ్లఫారం వైపు ముఖం పెట్టి స్థిరపడింది. మెడకు దిష్టి గుమ్మడికాయ కట్టబోతే నిచ్చెన చాలలేదు.

ఈశాన్యంలో అంత చోటు ఎలా వచ్చిందని అక్కడ ఎవరూ అడగలేదు. మొన్నటిదాకా అక్కడ ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు ఉండేవి. అది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు; పగుళ్లలో చేరిన నీరు అంచులను కొరకగా, పైమట్టి కొట్టుకుపోగా, గుండ్రని బండలై బయటపడినది. ఈశాన్యంలో బరువని దానికి రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చి, కంకర చేసి, ఆ కంకరనే కార్లు నిలిపే చోట పరిచారు. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు రాళ్లనూ పగిలిన గాజులనూ ఏరి తెచ్చి రాక్ గార్డెన్ అనే ఒక లోకాన్నే కట్టాడు, 1976లో దాన్ని ప్రజలకు తెరిచారు. మన హైదరాబాద్‌లోనే బండలను కాపాడమంటూ 1996 నుంచి ఒక సంఘం మొత్తుకుంటోంది. అయినా, అయ్యా, కొన్ని ఎండాకాలాలకే వెలిసి పగిలి, ఎప్పటికీ మట్టిలో కలవని ఆ డొల్ల బొమ్మ కోసం, ఏ శిల్పీ ఎన్నటికీ చెక్కలేని దాన్ని పేల్చడానికి మీకు చేతులెలా వచ్చాయి? డబ్బుంటే సిగ్గు అక్కర్లేదా?

ఇప్పుడు జిరాఫీ వెనుక బోసిగా ఉందట. నీరు ఈశాన్యానికి మంచిది కనుక, అక్కడ మీట నొక్కితే పారే జలపాతం కట్టించి, దాని కోసం ఫైబర్‌తో అచ్చం సహజంగా కనిపించే బండలు చేయించాలని నిర్ణయించారు. "నిజం బండ ఎట్లుంటదో ఒక నమూనా చూపియ్యుండ్రి సార్" అని పనివాడు అడిగితే, యజమానిగారు ఫోను తీసి, పేల్చకముందు ఆ గుండ్ల ముందు మనవరాలితో దిగిన ఫొటో చూపించారు. అమ్మగారు మాత్రం రంగు మరీ బూడిదలా ఉందనీ, ఈసారి కాస్త గులాబీగా రావాలనీ అన్నారు.