సవరణ: పేషెంట్ సర్వేల పోస్టులో ఒక వాక్యం

పేషెంట్ల అభిప్రాయాలు తీసుకుంటే ఆసుపత్రిలో వైద్యం మెరుగవుతుందని ముందు పోస్టులో రాశాను కదా, దానికి ఒక షరతు చేర్చాలి: ఏం జరిగిందో అడిగితేనే. బాగా చూసుకున్నారా అంటే చాలామంది బాగానే చూశారంటారు, ఇంకా మంచం మీదున్న మనిషికి నర్సే ఫారం ఇచ్చి ఎదురుగా నిలబడితే మరేమంటాడు? అమెరికాలో 2006 నుంచి నడుస్తున్న హెచ్‌క్యాప్స్ అనే ఆసుపత్రి పేషెంట్ల సర్వేలో డిశ్చార్జి అయిన 48 గంటల తర్వాతే అడుగుతారు, కొత్త మందు ఇచ్చేముందు అది దేనికో చెప్పారా, రాత్రి గది చుట్టూ నిశ్శబ్దంగా ఉండేదా అని. మందు గురించి చెప్పలేదన్న జవాబు ఒకే వార్డు నుంచి పదేపదే వస్తుంటే ఎక్కడ సరిదిద్దాలో తెలిసిపోతుంది. మొత్తం ఆసుపత్రికి వచ్చిన సగటు మార్కులో అది కనపడదు. ఆ జవాబులు ఆ వార్డు నర్సులకూ చేరాలి, ఆఫీసు ఫైల్లో ఆగిపోకూడదు.