బొమ్మగారికి మారు వడ్డించండి

ఆ తువ్వాలు దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది.

ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్స్వా 1547 మార్చి 31న రాంబూయేలో పోయాడు. సమాధి చెయ్యడానికి మే నెల దాకా తీరలేదు. ఈలోగా పారిస్ పక్కనున్న సాంక్లూలో, పారిస్ బిషప్పు దు బెలె కార్డినల్‌గారి ఇంట్లో విడిది. ఆస్థాన చిత్రకారుడు క్లుఏ రాజుగారి ముఖం అచ్చు తీసి బొమ్మ చేశాడు. పెద్ద హాల్లో మంచం మీద ఆ బొమ్మ, నెత్తిన కిరీటం, జోడించిన చేతులు, పక్కన రాజదండం. దానికి 11 రోజుల పాటు వేళ తప్పకుండా భోజనం.

నవ్వకండి, పెద్దలున్న చోటు. ఖాళీ కుర్చీ ముందు బల్ల వేస్తారు, గుడ్డ పరుస్తారు. వంటకాలు వరస తప్పకుండా ఊరేగి వస్తాయి. మతపెద్ద ఒకరు లేచి బల్లను ఆశీర్వదిస్తారు. కుర్చీకి చేతులు కడుక్కోను నీళ్లిస్తారు. రాజుగారు బతికుండగా ఏ వేళకు ద్రాక్షసారా పుచ్చుకునేవారో ఆ వేళకే గిన్నె అందిస్తారు. ఇక తువ్వాలు. లేని చేతుల తడి తుడవడానికి దాన్ని అందించే భాగ్యం అక్కడున్న వాళ్లలో అందరికన్నా గొప్పవాడిదట! ఆ గొప్పవాడెవరో ప్రతి పూటా ఎలా తేల్చారో, ఎన్ని మూతులు ముడుచుకున్నాయో, ఊహించుకుంటేనే నా కడుపు నిండిపోతుంది. పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పే నాథుడు లేడు. మన పిండాల దగ్గర కాకైనా ఉంటుంది. అది ముట్టకపోతే పెద్దాయనకు ఏ కోరిక మిగిలిపోయిందోనని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. సాంక్లూలో ఆ మాత్రం తనిఖీ కూడా లేదు.

బొమ్మ భోంచేస్తున్నన్నాళ్లూ ఆ హాల్లో నలుపు కనబడకూడదు. రాజుగారు ఉన్నట్టే లెక్క కదా! గడువు తీరాక బొమ్మను ఎత్తేసి, గోడలకు నల్లగుడ్డలు కట్టి, అప్పుడు ఏడవడం మొదలు. అంతదాకా ఆపుకున్న బిషప్పుల నిగ్రహానికి చేతులెత్తి మొక్కాలి. మిగిలిన వంటకాలు పేదలకు పెట్టారు. ఆ మొత్తం తంతులో బుద్ధున్న పని చేసింది వాళ్లే. తిన్నారు.

ఆ దుఃఖం నకిలీదని మాత్రం నేననను. 1516లో పోపుతో కుదిరిన బొలోన్యా ఒప్పందం నుంచి ఏ మేత్రాసనం, అంటే బిషప్పు ఏలుబడిలోని ప్రాంతం, ఎవరికివ్వాలో చెప్పేది రాజే. ఉద్యోగమిచ్చిన దొర పోయి, కొడుకు గద్దెనెక్కి, ఎవరిని ఉంచుతాడో ఎవరిని ఊడబెరుకుతాడో తెలియకపోతే ఎవరికైనా కన్నీళ్లొస్తాయి. దు బెలెకు రావడంలో అర్థముంది, కొత్త దర్బారులో ఆయన పరపతి నిజంగానే పోయింది.

అంత్యక్రియల్లో ప్రసంగం మాకాన్ బిషప్పు పియెర్ దు షాతెల్‌ది. రాజుగారు భోంచేస్తుంటే పుస్తకాలు చదివి వినిపించినవాడు. రాజుగారి ఆత్మ తిన్నగా పరలోకానికి వెళ్లిపోయిందని చెప్పాడు. పారిస్‌లో మతశాస్త్రం చెప్పే సోర్బాన్ పండితులు భగ్గుమన్నారు. తిన్నగా ఎలా వెళ్తుంది? మధ్యలో ఉత్తరించు స్థలం, అంటే పరలోకానికి ముందు ఆత్మలు పాపాలు కడుక్కునే చోటు, ఉంది కదా, దాన్ని కాదంటావా, ఇది మతద్రోహం కాదా?

అయ్యా పండితులారా, మీకు మండింది ఇక్కడా? 1545 జనవరిలో అదే రాజు ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. ఏప్రిల్‌లో ప్రొవాన్సులో మెరిన్‌డోల్, కబ్రియేర్, చుట్టుపక్కల ఊళ్లు తగలబడ్డాయి. బైబిలు తమకు తోచినట్టు చదువుకునే వాల్డెన్సీయ రైతులు వాళ్లు. ఆడవాళ్లని చూడలేదు, పిల్లలని చూడలేదు. దొరికిన మగవాళ్లను ఓడల్లో తెడ్లకు కట్టేశారు. ఆ ఆత్మలు ఏ దారిన వెళ్లాయని ఒక్క పండితుడూ అర్జీ పట్టుకుని బయల్దేరలేదే! దు షాతెల్ నయం, అచ్చుపని చేసే ఎతియెన్ దోలె కోసం రాజు దగ్గర నోరు విప్పినవాడు. చివరికి 1546లో దోలెనూ మోబేర్ చౌకులో కాల్చేశారు. అది చూసిన మనిషి నోటితోనే తిన్నగా పరలోకానికని అనిపించింది ఆ కొలువు. తూ!

పండితుల బృందం ఫిర్యాదు మోసుకుని సాంజెర్మేలోని దర్బారుకు వెళ్లింది. వాళ్లకు ఎదురుపడ్డవాడు మెండోజా అనే ఆసామి, రాజుగారి వంటా వడ్డనా చూసే అధికారి. చచ్చిపోయిన దొర స్వభావం నాకు తెలుసు, ఆయన ఎక్కడా నాలుగు రోజులు కుదురుగా ఉండే రకం కాదు, ఉత్తరించు స్థలానికి వెళ్లినా దారిలో ఒక గుక్క తాగడానికి ఆగి ఉంటాడు, అంతే, అన్నాడట. పండితులు వచ్చిన దారినే వెళ్లిపోయారు.

ఆ గుక్క తాగాక మూతి తుడుచుకోవడానికి తువ్వాలు ఎవరందించారో?