టక్కు

(హాల్లో గోడకి ఆనించిన రోడ్ బైక్. దాని ముందు సుభద్ర నేల మీద కూర్చుని ఉంది, చేతుల నిండా నల్లటి గ్రీజు. పడక్కుర్చీలో ఆనందరావు, ముఖానికి అడ్డంగా పేపరు. మోకాలికి రాసుకున్న నొప్పుల మందు ఘాటు గది మొత్తం పరుచుకుంది. ఈ ఇంట్లో సైకిల్ తొక్కే పని భార్యది, వంకలు పెట్టే పని భర్తది. ఇద్దరూ తమ పనిలో సోమరిపోతులు కారు.)

సుభద్ర: మూడు రోజుల్నుంచి ఇదే గొడవ. పెడల్ ఒక చుట్టు తిరిగితే ఒక టక్. పెడళ్ళు తగిలించే క్రాంక్ విప్పాను, అది తిరిగే బేరింగు, అదే బాటమ్ బ్రాకెట్, విప్పాను, తుడిచాను, గ్రీజు రాసి బిగించాను. అయినా టక్.

ఆనందరావు: ఫ్రేము పగిలుంటుంది.

సుభద్ర: పేపర్లోంచి తలెత్తకుండానే పగలగొట్టేశారా?

ఆనందరావు: అల్యూమినియం కదే! అందులోనూ చవక ఫ్రేము. చవగ్గా వచ్చిందంటే ఎక్కడో అక్కడ తేడా ఉండే తీరుతుంది.

సుభద్ర: తేడా ఏమీ లేదు. కార్బన్ ఫైబర్ ఫ్రేము అయితే పొరలన్నీ ఒక్కొక్కటిగా మనిషి చేత్తో పేర్చాలి, అందుకని అంత ఖరీదు. ఇదేమో గొట్టాలు, వెల్డింగ్. వంటింటి త్రాసు మీద పెట్టి ఇద్దరం చూశాం కదా, 1,260 గ్రాములు తూగింది.

ఆనందరావు: కంపెనీ వాడు 1,150 అన్నాడు.

సుభద్ర: రంగు వెయ్యకముందు, చిన్న సైజుది తూచి చెప్పుంటాడు. పెళ్ళికి ముందు మీ వాళ్ళు చెప్పిన మీ వయసు కన్నా ఆ అబద్ధం చిన్నదే.

ఆనందరావు: (పేపరు మడిచి) సరే, ఒక్కటి చెప్పు. మా నాన్న ఉక్కు సైకిల్ గొట్టాలు నా బొటనవేలంత లావు. ఇవి చూడు, నా మణికట్టంత ఉన్నాయి. తేలికైనదాన్ని ఇంత లావు చెయ్యడమెందుకు?

సుభద్ర: అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు. ఖర్మ కొద్దీ బిగువు కూడా మూడో వంతే. అదే లావు గొట్టం చేస్తే తొక్కినప్పుడల్లా వంగుతుంది. అందుకని లావు పెంచుతారు. గోడ మందం మార్చకుండా గొట్టాన్ని రెండింతలు లావు చేస్తే బిగువు దాదాపు 8 రెట్లు పెరుగుతుంది.

ఆనందరావు: బరువో?

సుభద్ర: రెండింతలే.

ఆనందరావు: ఈ లెక్క నా పొట్టకి వర్తించదా?

సుభద్ర: మీ పొట్టకి లోపల ఖాళీ లేదు. ఇలా రండి, ఈ పై గొట్టాన్ని గోటితో కొట్టండి. ఈ చివర... విన్నారా, మొద్దుగా ఉంది. ఇప్పుడు మధ్యలో.

(ఆనందరావు వంగి గోటితో కొడతాడు. చివర 'డబ్', మధ్యలో 'టింగ్'. మళ్ళీ కొడతాడు. ఇంకోసారి కూడా కొట్టాలనుంది గానీ భార్య చూస్తోంది.)

ఆనందరావు: ఖాళీ డబ్బాలా మోగుతోందే!

సుభద్ర: వెల్డింగ్ ఉన్న చివర్లు మందం, మధ్యలో పల్చన. బటెడ్ గొట్టం అంటారు. అనవసరమైన చోటల్లా లోహం తీసేశారన్నమాట. అందుకే దాని మీద కూర్చోవద్దని, స్టాండు క్లాంపు అక్కడ పట్టించొద్దని మొత్తుకునేది. సొట్ట పడుతుంది.

ఆనందరావు: అంత సుకుమారమైతే ఎందుకు కొన్నట్టు?

సుభద్ర: సుకుమారమా? 1998లో ఇటలీ రేసర్ పంతానీ టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచింది అల్యూమినియం బియాంకీ సైకిల్ మీదే.

ఆనందరావు: ఆయన ఆల్ప్స్ ఎక్కాడు. నువ్వు ఫ్లైఓవర్ ఎక్కుతున్నావు.

సుభద్ర: ఫ్లైఓవర్ కూడా ఎత్తే కదా. పోటీల్లో సైకిల్ 6.8 కిలోల కన్నా తేలిగ్గా ఉండకూడదని 2000 నుంచీ రూలు ఉంది. చక్రాలూ పెడళ్ళూ అన్నీ కలిపి నాది 8.4. ఆ కిలోన్నర పైచిలుకు తేడాకి కార్బన్ కొనాలా? పొద్దున్నే మీరు తగ్గించనన్న బరువు దానికన్నా ఎక్కువ.

(ఇక్కడ ఆనందరావు విననట్టు ఊరుకున్నాడు. నిజానికి సైకిల్ బరువు గురించి మాట్లాడే మగవాళ్ళలో నూటికి తొంభైమందిని ఇలాగే ఊరుకోబెట్టొచ్చు.)

ఆనందరావు: వెల్డింగ్ దగ్గర మెత్తబడదూ? అక్కడే పగిలుంటుంది చూడు.

సుభద్ర: మెత్తబడుతుంది. అందుకే ఈ 6061 రకం అల్యూమినియాన్ని అతికించాక ఫ్రేము మొత్తాన్ని కొలిమిలో 500 డిగ్రీల పైన కాలుస్తారు, వెంటనే చల్లార్చేస్తారు, మళ్ళీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచుతారు. అప్పటికి గట్టిపడుతుంది. దాన్ని టీ సిక్స్ అంటారు.

ఆనందరావు: కాల్చి, నీళ్ళలో ముంచి, ఆ తర్వాత చిన్న సెగ మీద ఏళ్ళ తరబడి... అయితే నేనూ టీ సిక్సే.

సుభద్ర: మీరింకా గట్టిపడలేదు. ఇంకో మాట వినండి. ఉక్కుకి ఒక హద్దు ఉంటుంది, ఆ లోపు ఎన్ని కుదుపులు తగిలినా లెక్కలోకి రావు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న కుదుపైనా ఖాతాలో పడుతుంది. మామూలుగా తొక్కితే ఏళ్ళకేళ్ళు నడుస్తుందనుకోండి, కానీ దేన్నీ మర్చిపోదు.

ఆనందరావు: నీ జాతే. సరిగ్గానే ఎంచుకున్నావ్. కానీ కుదుపు మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నా, పళ్ళు రాలగొట్టేస్తోంది మహాతల్లి. పోయిన ఆదివారం నువ్వే అన్నావ్.

సుభద్ర: అన్నాను. ఆ ఆదివారం టైర్లలో గాలి కొట్టిందెవరు?

ఆనందరావు: నేనే. సాయం చేశాను. టైరు మీద ఎంత రాసుంటే అంత కొట్టాను. 110.

సుభద్ర: అక్కడ రాసింది 'ఇంతకు మించొద్దు' అని. 'ఇంత కొట్టు' అని కాదు. నా బరువుకి, ఈ 28 మిల్లీమీటర్ల టైరుకి 65 చాలు. మర్నాడు దింపుకున్నాను, అదే రోడ్డు, అదే ఫ్రేము, పరుపు మీద పోయినట్టుంది. ఫ్రేము నిలువునా ఎంత వంగుతుంది? వెంట్రుకవాసి. కుదుపు మింగేది టైరు. మీరేమో అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నారు.

ఆనందరావు: సరే సరే. ఇంతకీ ఆ టక్కు సంగతి చూడు. ఆ క్రాంకుల్ని ఎన్నిసార్లు విప్పినా లాభం లేదు. నిలబడి తొక్కితే రావట్లేదు కదా, మరి కింద ఎందుకుంటుంది? పైనే ఎక్కడో ఉంటుంది.

(నిశ్శబ్దం. సుభద్ర చేతిలో అలెన్ కీ గాల్లోనే ఆగిపోయింది.)

సుభద్ర: ఏమన్నారూ?

ఆనందరావు: ఏమన్నానూ?

సుభద్ర: నిలబడి తొక్కితే రావట్లేదని మీకెలా తెలుసు?

ఆనందరావు: నువ్వే చెప్పి ఉంటావ్.

సుభద్ర: నాకే తెలియదు. మూడు రోజులుగా నేను నిలబడి తొక్కలేదు.

ఆనందరావు: అయితే... ఊహించాను. పేపర్లో వేశారేమో.

సుభద్ర: (లేచి, సీటుని మోసే గొట్టం, అంటే సీట్ పోస్ట్ దగ్గర కళ్ళు చికిలించి) నా ఎత్తుకి గుర్తుగా పోస్ట్ చుట్టూ నల్ల టేపు వేసుకున్నాను. సరిగ్గా దాన్ని ఫ్రేములో బిగించే కాలర్‌కి ఆనుకుని ఉండాలి. ఇప్పుడు టేపుకీ కాలర్‌కీ మధ్య మూడు మిల్లీమీటర్ల సందుంది. ఈ సీటు ఎవరో పైకి లాగారు, మళ్ళీ కిందికి దించారు.

ఆనందరావు: నేను మాత్రం నీలం హెల్మెట్ ముట్టుకోలేదు.

సుభద్ర: హెల్మెట్ సంగతి నేనడిగానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. మెట్లెక్కితే పట్టేసిందన్న మోకాలు కూడా ఇదేనన్నమాట! ముందువైపే కదూ నొప్పి?

ఆనందరావు: చిప్ప కింద.

సుభద్ర: పట్టదూ మరి! ఇది నా సైజు ఫ్రేము. పోస్ట్ మీద 'ఇంతకు మించి లాగొద్దు' అన్న గీత దాకా లాగినా మీ కాళ్ళకి సీటు పొట్టే. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఎన్నాళ్ళు తొక్కారు?

ఆనందరావు: నాలుగే... ఐదు రోజులు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు.

సుభద్ర: పోస్ట్‌కి ఉన్న గ్రీజు ఏమైంది?

ఆనందరావు: ప్యాంటుకి అంటింది. మురికేమో అనుకుని గుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. నీకు మళ్ళీ చెయ్యి పాడవ్వకుండా.

(సుభద్ర పోస్ట్ బయటికి లాగింది. 'కీచ్'మంటూ వచ్చింది. ఎక్కడా జిడ్డు లేదు, నిలువునా సన్నటి వెండి గీతలు. చూపుడువేలితో గీసి, ఆ వేలిని అటూ ఇటూ తిప్పి భర్త ముఖం ముందు పెట్టింది.)

సుభద్ర: అల్యూమినియం గొట్టంలో అల్యూమినియం పోస్ట్, మధ్యలో చుక్క గ్రీజు లేదు. కూర్చుని తొక్కితే రాసుకోక ఏం చేస్తుంది? ఇలాగే వదిలేస్తే రెండూ కరుచుకుపోయి మళ్ళీ ఊడి రావు. శబ్దం టక్కు, మనిషి టక్కరి. పైగా ఫ్రేము పగిలిందని తీర్పొకటి!

ఆనందరావు: తీర్పు మార్చుకుంటున్నాను. ఆ ఫ్లైఓవర్ దగ్గర లేచి ఒక్క తొక్కు తొక్కానా... ఎక్కడా నలగలేదే! కాల్లో బలం కాల్లోనే ఉండిపోకుండా నేరుగా వెనక చక్రంలోకి పోయింది. దిగేటప్పుడు మలుపులో గీత గీసినట్టు తిరిగింది. మా నాన్న సైకిల్ అయితే ముందు హ్యాండిల్ తిరిగేది, కాసేపాగి మిగతా సైకిల్ వచ్చేది. ఇంత చవగ్గా ఇంత మంచి ఫ్రేము...

సుభద్ర: ఈ ముక్క ఐదు రోజుల క్రితం చెప్పడానికేం?

ఆనందరావు: ఆర్నెల్లుగా తిట్టాను కదే. ఒక్కసారిగా పొగిడితే బాగుంటుందా?

(సుభద్ర పోస్ట్‌కి పల్చగా గ్రీజు పూసి లోపలికి దింపింది. టేపు అంచు కాలర్‌కి తగిలాక, టార్క్ రెంచ్ 5 దగ్గర 'క్లిక్'మనేదాకా బిగించింది. బయటికి తీసుకెళ్ళి వీధి చివరిదాకా కూర్చునే తొక్కింది. వెళ్ళేటప్పుడూ లేదు, వచ్చేటప్పుడూ లేదు.)

సుభద్ర: పోయింది.

ఆనందరావు: చెప్పానా, పైనే ఉంటుందని! సైజు పెద్దది ఇంకోటి తెప్పిద్దాం. అంతదాకా నాకూ ఒక టేపు వెయ్యి. ఎర్రది.

సుభద్ర: మీకు గీత దాటే ఎత్తు కావాలి, టేపు ఎక్కడ వెయ్యను? గాల్లోనా? ముందు లేచి ఆ గ్రీజు గుడ్డలు తియ్యండి.

(ఆనందరావు కుర్చీ చేతుల మీద బలం వేసి లేచాడు. టక్.)

సుభద్ర: ఆగండి. మళ్ళీ వచ్చింది.

ఆనందరావు: సైకిల్ కాదు. మోకాలు.

సుభద్ర: కూర్చున్నప్పుడు వస్తోందా, నిలబడ్డప్పుడా?