మావయ్య అరచేతికి చిల్లు

మా మావయ్యకి చేతులు చూసే పిచ్చి. పెళ్లికొచ్చినా పరామర్శకొచ్చినా ఎదుటివాళ్ల అరచెయ్యి లాక్కుని ఆయుర్దాయం చెప్పేస్తాడు, అడక్కపోయినా సరే. ఆదివారం మా ఇంటికొచ్చి, ఏడో తరగతి చదివే మా అమ్మాయికి ఫారిన్ యోగం తేల్చాడు.

"ముందు నీ చెయ్యి చూద్దాం తాతయ్యా" అని అది పాత కేలండర్ కాగితం గొట్టంలా చుట్టి ఆయన కుడికంటికి పెట్టించింది. ఎడమ అరచెయ్యి గొట్టానికి ఆనించి, రెండు కళ్లూ తెరిచి గోడ గడియారం చూడమంది.

"ఓరి నాయనో! చేతికి చిల్లు పడిందర్రా!"

సరిగ్గా ఆయుష్షు రేఖ మీద గుండ్రటి కంత. అందులోంచి సెకన్ల ముల్లుతో సహా గడియారం. చెయ్యి విదిలించేసరికి స్టూలు మీది కాఫీ ఆయన ఒళ్లోకొచ్చింది. తెల్ల పంచె. కాలిందా అని అత్తయ్య అడగలేదు. "నిన్నే గంజి పెట్టాను" అంది.

రెండు కళ్లూ పొంతన లేని రెండు బొమ్మలు పంపితే మెదడు వాటిని కలిపి ముద్ద చెయ్యదు. ఏ చోట ఏది స్పష్టంగా ఉంటే అక్కడ దాన్నే ఉంచుకుంటుంది. నడుమ గడియారం నెగ్గింది. చుట్టూ ఉన్న గొట్టపు చీకటి మీద అరచెయ్యి నెగ్గింది. రెండూ సమ ఉజ్జీలైతే కొన్ని సెకన్లు ఇది, కొన్ని సెకన్లు అది. ఇటలీకి చెందిన డెల్లా పోర్టా అనే పండితుడు ఒక్కో కంటి ముందు ఒక్కో పుస్తకం పెట్టుకుంటే ఏదో ఒక్కటే చదవగలిగానని 1593లోనే రాశాడు. పరీక్షల ముందు రోజు మనవాళ్లకి అదీ కుదరదు.

మావయ్యని శాంతింపజెయ్యడానికి బిస్కెట్లు తెచ్చారు. మా అమ్మాయి మూడు గుండ్రటి నల్ల బిస్కెట్లకి తలా ఒక కోణపు ముక్క తుంచి, తుంచిన వైపులు లోపలికి తిప్పి తెల్ల ప్లేటులో పేర్చింది.

"మధ్యలో ఆ మూడు మూలల కాగితం తియ్యవే, అంటుకుంటుంది" అంటూ మావయ్య ఖాళీ ప్లేటుని గోటితో గీకాడు.

అక్కడ కాగితం లేదు, గీత కూడా లేదు. 1955లో కనిజ్సా అనే ఇటలీ సైకాలజిస్టు చూపించిన త్రికోణం అది. ఇలా లేని అంచులకి కూడా మెదడులోని కణాలు స్పందిస్తాయని 1984లో కోతుల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందని చెప్పాను.

"కోతులకి కూడానా?" మావయ్య కళ్లు మెరిశాయి. "వాటి అరచేతుల్లోనూ రేఖలుంటాయి కదూ?"