సమోసాలకు బడ్జెట్ ఉంది, మూడో ఓటుకు లేదు

మా ఆఫీసులో ఒక్క సర్వర్‌ను పలు కంప్యూటర్లలా వాడుకోనిచ్చే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఎంపికకు ఉన్నతస్థాయి కమిటీ వేశారు. సభ్యులు ఎనిమిది మంది. సర్వర్ రూమ్ చూసినవారు వారిలో ఒక్కరే. అక్కడ ఏసీ బాగుంటుందని ఓసారి వెళ్లి ఫోన్ మాట్లాడుకుని వచ్చారు. దాన్ని అనుభవం కింద రాసుకున్నారు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో పేరున్న వీఎంవేర్ ఎందుకు వద్దన్నారో మీకు తెలిసిందే. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కంపెనీ దాన్ని కొనేసింది, డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. ఇప్పుడు కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల) లెక్కన చందా. ప్రాసెసర్‌లో 8 కోర్లే ఉన్నా 16కు కట్టాలి. లేని పిల్లలకూ స్కూలు ఫీజన్నమాట.

అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్‌కు లైసెన్సు ఖర్చు లేదని వినగానే కమిటీ ఏకగ్రీవంగా దాని మీద వాలింది.

"రెండు సర్వర్లు చాలు. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందిగా" అన్నారు ఛైర్మన్‌గారు.

ప్రొజెక్టర్ వైరు సరిచేయడానికి వచ్చిన మా అడ్మిన్ కుర్రాడు నోరు జారాడు. "సర్, క్లస్టర్ అంటే సర్వర్ల జట్టు. అది నడవాలంటే, సర్వర్‌కో ఓటు లెక్కన, సగానికి మించి ఓట్లుండాలి. రెంటిలో ఒకటి పోతే మిగిలేది సగమే. మూడో ఓటు కావాలండీ."

"మూడో సర్వరా? బడ్జెట్ లేదు."

"సర్వర్ అక్కర్లేదు సర్. చిన్న పెట్టె చాలు. ఓటేయడమే దాని పని."

"ఏ పనీ చేయకుండా ఓటేయడానికి ఒక మిషనా!" అని ఎనిమిది మందీ పగలబడి నవ్వారు. తాము చేస్తున్నదీ అదేనని ఒక్కరికీ తట్టలేదు.

ఒకదానికి రెండు ఓట్లిద్దామన్నారు ఒకాయన. సీనియారిటీ ప్రకారం ఇవ్వాలన్నారు ఇంకొకాయన. రెండూ ఒకే రోజు కొన్నవి. డెలివరీ చలానా తెప్పించి, వ్యానులోంచి ముందు దిగిందేదో అరగంట చర్చించారు. "ఆ పెద్దదే పోతే?" అన్నాడు కుర్రాడు. "పెద్దవాళ్లు పోయే మాటలు శుభమా అంటూ!" అని కసిరారు. రెండో విడత సమోసాలు వచ్చాయి.

ఒకటి పోయినప్పుడు రెండోది ఊరికే కూర్చోదు. హై అవైలబిలిటీ (ఒకటి పోతే దాని పని ఇంకోటి అందుకునే ఏర్పాటు) పెట్టి ఉంటే, మెజారిటీ లేదని గ్రహించి నిమిషంలో తనను తానే రీబూట్ చేసుకుంటుంది. అవతలిది నిజంగా చచ్చిందో, మధ్యలో వైరు ఊడిందో దానికి తెలియదు. రెండూ బతికుండి ఒకే డిస్కు మీద రాస్తే మీ ఖాతాలు గల్లంతు. తెలియనప్పుడు తప్పుకోవాలన్న ఇంగితం ఆ ఇనప డబ్బాకు ఉంది. ఈ ఎనిమిది మందికి లేదు!

నాలుగో నెలలో ఒకటి పోయింది. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ ఎవరికి వెళ్లింది? ఆ కుర్రాడికే. రెండు రాత్రులు నేల మీద పడుకున్నాడు. మూడో రోజు వాడికే మెమో ఇచ్చారు. సిగ్గుండాలి! వాడి మాట విననివాళ్లే వాడిని సంజాయిషీ అడుగుతారా?

విచారణకు కొత్త కమిటీ వేశారు. ఈసారి తొమ్మిది మంది. ఓట్లు సమానంగా చీలితే ఇబ్బందట.