టైమ్‌టేబుల్‌కి లొంగిన యుద్ధం

మొదటి ప్రపంచ యుద్ధం ఎందుకొచ్చిందంటే బడిలో మనమంతా ఒకే జవాబు రాశాం. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను, ఆయన భార్య సోఫీని గవ్రిలో ప్రిన్సిప్ అనే 19 ఏళ్ల కుర్రాడు కాల్చి చంపాడని. ఆ జవాబు నాకెప్పుడూ తృప్తినివ్వలేదు. హత్య తర్వాత యుద్ధం మొదలవడానికి నెల రోజులు పట్టింది. ఆ నెలలో ఎవరూ ఎందుకు ఆపలేకపోయారు?

ఆపాలన్న ఆలోచన వాళ్లకి రాకపోలేదు. హత్య వెనక సెర్బియా ఉందంటూ ఆస్ట్రియా షరతులు పెట్టింది. అది ఇచ్చిన 48 గంటల గడువులోనే సెర్బియా దాదాపు అన్ని షరతులకూ తలొగ్గింది. ఆ జవాబు చదివిన, ఆస్ట్రియా మిత్రదేశమైన జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్, ఇక యుద్ధానికి కారణమే లేదని జూలై 28 పొద్దున రాసుకున్నాడు. అదే రోజు సెర్బియాపై ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది.

ఇక్కడి నుంచి కథ రైళ్లది. లక్షల మంది సైనికుల్ని సరిహద్దుకు చేర్చాలంటే ఏ రైలు ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో ముందే లెక్క కట్టి ఉండాలి. పెద్ద దేశాలన్నీ ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. జూలై 29 రాత్రి, సెర్బియాకి అండగా నిలిచిన రష్యా చక్రవర్తి నికోలస్ పూర్తి సైన్య సమీకరణను ఆపించి, ఆస్ట్రియా వైపు మాత్రమే కదపమన్నాడు. కుదరదన్నారు జనరల్స్. సగం కదిపితే, రేపు మొత్తం కదపాల్సి వచ్చినప్పుడు రైళ్లన్నీ చిక్కుపడతాయన్నారు. మర్నాడు ఆయన్ని ఒప్పించారు. మళ్లీ మనసు మార్చుకుంటాడేమోనని సైన్యాధిపతి యనుష్కెవిచ్ తన టెలిఫోనే పగలగొట్టేస్తానన్నాడట.

ఆగస్టు 1న బెర్లిన్‌లోనూ ఇదే జరిగింది. రష్యా మిత్రదేశమైన ఫ్రాన్స్‌ని వదిలేసి సైన్యాన్నంతా రష్యా వైపు తిప్పమని విల్‌హెల్మ్ అడిగాడు. దాదాపు 11,000 రైళ్ల ఏర్పాటు అది, ఇప్పుడు మార్చడం అసాధ్యమని సైన్యాధిపతి మోల్ట్‌కే తేల్చేశాడు. కానీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది తర్వాతి సంగతి. మార్చడం సాధ్యమేనని రైల్వే విభాగం చూసిన జనరల్ ఫాన్ స్టాబ్ యుద్ధం ముగిశాక లెక్కలేసి మరీ చూపించాడు. అంటే తప్పు టైమ్‌టేబుల్‌ది కాదు. నిర్ణయం తీసుకోవాల్సిన మనుషులు ఆ కాగితం చాటున దాక్కున్నారు.

నాలుగు నెలల్లో ముగుస్తుందనుకున్నది నాలుగేళ్లు సాగడానికి కారణం ఫ్యాక్టరీలు. గుండ్లకు నైట్రిక్ ఆమ్లం కావాలి, దానికి కావాల్సిన నైట్రేట్ చిలీ నుంచి ఓడల్లో వచ్చేది. బ్రిటిష్ నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధించడంతో జర్మనీకి ఆ దారి మూసుకుపోయింది. మామూలుగా అయితే మందుగుండు అయిపోయి యుద్ధం ఆగిపోవాలి. కానీ గాలిలోని నైట్రోజన్ నుంచి అమ్మోనియా తీసే ఫ్రిట్జ్ హేబర్ పద్ధతి అప్పటికే ఉంది. 1913లోనే జర్మనీలోని ఓపావ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది. యుద్ధంలో ఆ అమ్మోనియా నైట్రిక్ ఆమ్లంగా మారి మందుగుండుకి మళ్లింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర క్లోరిన్ విషవాయువు వదిలే పని దగ్గరుండి చూసిందీ ఈ హేబరే. మన ఊళ్లలో చెప్పులు వరసలో పెట్టి రైతులు పడిగాపులు కాసే యూరియాకీ మూలం అదే పద్ధతిలో తీసే అమ్మోనియా. ఆ క్యూ చూసినప్పుడల్లా నాకు ఓపావ్ గుర్తొస్తుంది.

అవతలి పక్షమూ తక్కువ తినలేదు. ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర బ్రిటిష్ సైన్యం వారం రోజుల్లో దాదాపు 15 లక్షల గుండ్లు పేల్చింది. అయినా జర్మన్ కందకాలు పూర్తిగా కూలలేదు. 1916 జూలై 1న ఒక్కరోజే 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు.

1918 నవంబర్ 11న తుపాకులు ఆగినా దిగ్బంధం ఆగలేదు. జర్మనీలో జనం తిండికి అల్లాడుతుంటే అది 1919 జూలై దాకా సాగింది. ఈలోగా, సరయేవో హత్య జరిగిన ఐదేళ్లకు సరిగ్గా అదే తేదీన, వెర్సాయ్ సంధిపై సంతకాలయ్యాయి. తర్వాత జర్మనీపై 132 బిలియన్ బంగారు మార్కుల పరిహారం మోపారు. పరిహారం కింద కలప, బొగ్గు సరిగా పంపలేదని 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు జర్మనీ పారిశ్రామిక ప్రాంతమైన రూర్‌లోకి దిగాయి. ఆ ఏడాదే మార్కు విలువ చిత్తుకాగితమైంది. హిట్లర్ ఒక్కడే రెండో యుద్ధం తెచ్చాడనేవాళ్లు ఈ ఐదేళ్లని దాటేస్తారు.

మనకీ దెబ్బ తగిలింది. అప్పట్లో తెలుగు జిల్లాలకు రాజధాని అయిన మద్రాసుపై 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లారు. దాదాపు 13 లక్షల మంది భారతీయులు పనిచేసిన ఆ యుద్ధం ముగిశాక మనకు దక్కింది రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్. సైనికుల వెంట నౌకల్లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటి మందికి పైగా బలి తీసుకుంది.

ఈప్ర్ చుట్టుపక్కల రైతులు ఇప్పటికీ దుక్కి దున్నితే తుప్పు పట్టిన గుండ్లు బయటపడతాయి. వాటిని రోడ్డు పక్కన కరెంటు స్తంభం దగ్గర పెడితే సైన్యం వచ్చి తీసుకెళ్తుంది. 2014 మార్చిలో ఆ ఊళ్లో ఒక నిర్మాణ పని దగ్గర అలాంటి గుండు పేలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఆ యుద్ధం మొదలై అప్పటికి దాదాపు వందేళ్లు.