పసిపిల్లల స్టెరాయిడ్ల మీద తిరుగుతున్న ఆ మెసేజ్

"నెలల పిల్లలకు స్టెరాయిడ్ రాస్తే ఒప్పుకోకండి, ఇప్పటికే వాడుతుంటే ఈరోజే ఆపేయండి, పదిమందికి పంపండి." ఏ గ్రూపు తెరిచినా ఇదే. పంపేవాళ్లు బాగా చదువుకున్నవాళ్లే, అదే విసుగు.

ఇవి బాడీ బిల్డర్లు వాడే మందులట. కావు. అవి వేరు, ఇవి వేరు.

ఒక్క డోసుకే ఎదుగుదల ఆగిపోతుందట. క్రూప్‌తో గొంతు వాచి, ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమంటున్న బిడ్డకు చాలాసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒక్క డోసుతో సరిపెడతారు. దాంతో ఎత్తు తగ్గదు. నెలల తరబడి వాడితే వేరే లెక్క.

మెదడు దెబ్బతింటుందట. ఇందులో మాత్రం నిజముంది. బాగా నెలలు తక్కువై పుట్టి వెంటిలేటర్ మీదున్న పిల్లలకు ఒకప్పుడు మొదటి వారంలోనే డెక్సామెథసోన్ పెద్ద మోతాదులో ఇచ్చేవారు. వెంటిలేటర్ త్వరగా తీయగలిగారు గానీ, తర్వాత వాళ్లలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా కదలని స్థితి) ఎక్కువగా బయటపడింది. 2002లో అమెరికా, కెనడా పిల్లల డాక్టర్ల సంఘాలు రొటీన్‌గా ఇవ్వొద్దన్నాయి. ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు వాచే బ్రాంకియోలైటిస్‌కీ స్టెరాయిడ్ పనిచేయదు, రాస్తే ఎందుకని అడగాల్సిందే. ఇంతవరకే రాసి ఉంటే ఆ మెసేజ్ నేనూ ఫార్వర్డ్ చేసేదాన్ని.

కానీ "ఈరోజే ఆపేయండి" అన్నారు. వారాల తరబడి స్టెరాయిడ్ పడుతున్న ఒంట్లో కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్) తయారు చేయడం తగ్గించేస్తాయి. అందుకే డాక్టర్లు డోసు మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. టక్కున ఆపితే షుగర్, బీపీ పడిపోవచ్చు. బిడ్డ పాలు తాగదు, వాంతులు చేసుకుంటుంది, లేపినా మత్తుగానే ఉంటుంది. ఇక పుట్టుకతోనే కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా ఉన్న బిడ్డకైతే ఒంట్లో కార్టిసాల్ సరిగా తయారే కాదు. దాని బదులు రోజుకు మూడుసార్లు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర నూరి పట్టాల్సిందే. జ్వరమొస్తే డోసు పెంచాలి. పట్టిన కాసేపటికే కక్కేస్తే మళ్లీ పట్టాలి, అదీ నిలవకపోతే ఇంజెక్షన్ చేయించాలి. ఆ తల్లి ఫోన్లోకీ ఈ మెసేజ్ వెళ్తుంది కదా! ఆపాక ఏం చేయాలో మాత్రం మహానుభావుడు రాయలేదు. రెండో భాగంలో సెలవిస్తారేమో.

చివరగా, అంతా ఆస్పత్రుల లాభం కోసమేనట. లాభం చూసుకునేవాళ్లు ఇంత చవక మందు పట్టుకుంటారా?

ఈ మెసేజ్ చూసి ఎవరైనా నిజంగానే మందు ఆపేసి ఉంటే నాతో వాదన తర్వాత, ఆ మందు రాసిన డాక్టర్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి. బిడ్డ మత్తుగా ఉంటే ఫోన్ కూడా వద్దు, తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్లండి, వాడిన మందు పేరు ముందే చెప్పండి.